మెట్ల మీద పెళ్లిచూపులు

మొన్న ఆదివారం సాయంత్రం గురుగ్రామ్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే కింద నుంచి ఒక కేక వినబడింది.

"ఒగ్గీ!"

చేతిలో దుప్పటితో అలాగే నిలబడిపోయాను. మా అపార్ట్‌మెంట్ల గోడకు అవతల చుట్టూ వల కట్టిన చిన్న ఫుట్‌బాల్ మైదానం ఒకటి ఉంది. అక్కడ ఆడుతున్న అమ్మాయిలందరూ హర్యానా పిల్లలే. గోల్ ముందు నిలబడ్డ పిల్ల రెండు చేతులూ చాచి మళ్లీ అరిచింది. "ఒగ్గీ, ఒగ్గీ!" ఆమె ముందున్న పిల్ల టక్కున పక్కకి తప్పుకుంది. బంతి వచ్చి గోలీ చేతుల్లో వాలింది.

ఒగ్గీ అంటే వదిలెయ్ అని. విజయనగరం వైపు మాట. నెల్లూరిదాన్ని, నేనే ఆ మాట ఢిల్లీ వచ్చాక నేర్చుకున్నాను. అది ఈ ఎండు నేలలో ఎలా మొలిచిందో తెలిసినవాళ్లం ముగ్గురమో నలుగురమో ఉంటాం. దాన్ని నాటినావిడ పేరు మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. నా ఫోనులో ఆవిడ "మెట్ల ఆంటీ".

ఢిల్లీలో వసంత్ కుంజ్ దగ్గర నేను చదివిన కాలేజీకి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండేది. మైదానానికి ఒక పక్క సిమెంటు మెట్లు, మెట్ల వెనక గేటు. సాయంత్రం నడకకి వచ్చే చుట్టుపక్కల వాళ్లని ఆ గేటులోంచి రానిచ్చేవారు. ఆంటీ అలా వచ్చిన మనిషి. నేత చీర, చీర కింద చిలకాకుపచ్చ స్పోర్ట్స్ బూట్లు. చలికాలం అయితే మంకీ క్యాప్, ఆ మంకీ క్యాప్‌కి పిన్నుతో గుచ్చిన చేమంతి. పువ్వు తలలో పెట్టుకుంటే క్యాప్ కింద నలిగిపోతుందని ఆవిడ ఆలోచన. ఒళ్లో ఒక స్టీలు డబ్బా, దాన్నిండా జంతికలు.

ఆంటీది కోనసీమ. భర్త ఏదో మంత్రిత్వ శాఖలో అధికారి. షుగరు వచ్చిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. భర్త వెంటనే అడుగులు లెక్కపెట్టే వాచీ ఒకటి కొని చేతికి తగిలించాడు. ఆంటీ మొదటి రోజు మైదానం చుట్టూ సగం నడిచి, మెట్ల మీద కూర్చుని, మళ్లీ లేవలేదు.

"ఎక్కడికీ చేరకుండా ఆ నడకేంటే, గానుగెద్దులాగ? వాళ్లు పరిగెడుతున్నారు కదా, నా బదులు" అనేది.

నిజంగానే ఆవిడ బదులు వాళ్లే పరిగెత్తేవారు. రాగానే వాచీ విప్పి జట్టులో ఒక పిల్ల చేతికి కట్టేది. ఆట అయ్యాక తిరిగి తీసుకునేది. గోలీకి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. "దానిది నిలబడే ఉద్యోగం, లాభం లేదు." రాత్రి భర్త ఆ లెక్క చూసుకుని మురిసిపోయేవాడట. ఒకరోజు పొరపాటున అందరికన్నా ఎక్కువ పరిగెత్తే పిల్లకి కట్టింది. ఆ వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా భర్త ఫోనుకి చేరవేస్తుందని ఆవిడకి తెలియదు. ఆట మధ్యలో భర్త ఫోన్ చేశాడు. ఆయన అరుపు మాకందరికీ వినబడింది.

"ఏమైంది నీకు? గుండె అలా కొట్టుకుంటోందేంటి? వెంటనే కూర్చో!"

ఆంటీ నోట్లో జంతిక ఒక బుగ్గకి తోసి, "కూర్చున్నానండీ, కూర్చున్నాను. ఆయ్, ఇప్పుడే కూర్చున్నా" అంది.

ఆవిడకి ఫుట్‌బాల్ ఏమాత్రం తెలుసు అంటే, బంతి వలలో పడితే గోలు అన్నంత. ఆఫ్‌సైడ్ చివరిదాకా అర్థం కాలేదు. "అది అత్తగారి రూలే. ఎందుకని అడక్కూడదు, పాటించాలంతే" అని తేల్చేసింది. కానీ మనుషుల మీద తీర్పులకి లోటు లేదు. ఏటా వానాకాలంలో కాలేజీ తెరిచాక స్పోర్ట్స్ కోటాలో కొత్త ఆటగత్తెలు దిగేవారు. హర్యానా నుంచి, మణిపూర్ నుంచి, కేరళ నుంచి. కొత్త పిల్ల మొదటిసారి మైదానంలోకి వచ్చే సాయంత్రానికి ఆంటీ పెట్టిన పేరు పెళ్లిచూపులు. ఆ రోజు తను ముందుగా వచ్చి కూర్చునేది. జంతికలతో పాటు రవ్వలడ్డూలు కూడా తెచ్చేది.

పెళ్లిచూపుల్లో రెండో పెద్ద కరీంనగర్ అన్న. సివిల్స్‌కి చదువుతూ దగ్గర్లోనే గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. పొద్దంతా చదివి సాయంత్రం తల తేలిక చేసుకోవడానికి మెట్ల మీదికి వచ్చేవాడు. కొత్త పిల్ల పాత ఆటల వీడియోలు ఎక్కడెక్కడో వెతికి ఫోనులో పెట్టుకునేవాడు. ఎత్తు ఎంత, ఏ కాలితో కొడుతుంది, ఎంత వేగం, అన్నీ ఆయన దగ్గర ఉండేవి. ఆంటీకి అవేవీ పట్టవు. ఆవిడ భాష అంతా వంటింటిది. వచ్చీ రాగానే విన్యాసాలు చేసి తర్వాత కనబడకుండా పోయే పిల్ల "పొంగు". సగం ఆటకే ఆయాసపడే పిల్లకి "ఎసరు చాల్లేదు". ఆడి ఆడి విసిగిపోయిన సీనియరు "అడుగంటింది". ఇక మంచిదే కానీ ఇంకా కుదురుకోని పిల్ల అయితే "పలుకుగా ఉంది". ఉడికీ ఉడకని మెతుకు మధ్యలో గట్టిగా తగులుతుందే, ఆ పలుకు.

"ఆంటీ, గా పిల్ల ఎడమ కాలు సూడుండ్రి, ఎట్ల ఉన్నదో" అనేవాడు అన్న.

"కాలు సరేనయ్యా, కళ్లు చూడు. గేటు దగ్గర కుక్కని చూసి బెదిరింది. రేపు పెనాల్టీ ఏం కొడుతుంది?"

"కుక్కకు పెనాల్టీకి ఏం సంబంధం ఆంటీ?"

"రెండిట్లోనూ మీద పడేవాళ్లుంటారు."

ఆవిడ తీర్పులు చాలాసార్లు తప్పేవి. పొంగు అని తోసేసిన మణిపూర్ పిల్ల ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది. "నేను ముందే చెప్పలా?" అంది ఆంటీ నిబ్బరంగా.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ రాజీపడేది కాదు. పలుకుగా ఉంది అని తను తేల్చిన పిల్లని మెట్ల మీద నుంచి ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. సలహాలు అరవకూడదు. బాగా ఆడినా చప్పట్లు కొట్టకూడదు. దానికి ఆవిడ పెట్టిన పేరు మూత.

"పలుకుందనుకో, మంట తగ్గించి మూత పెట్టి వదిలెయ్యాలి. ఉడికిందా ఉడికిందా అని మాటిమాటికీ తీసి చూస్తే ఏ అన్నమూ ఉడకదు. తియ్యకండి మూత!"

నా మీద కూడా ఆవిడ మూత పెట్టింది. అదెలా జరిగిందో చెప్పాలి.

నేను ఎమ్మే హిస్టరీలో చేరి కొన్నాళ్లే అయింది. హాస్టల్ గదిలో ఇద్దరు అమ్మాయిలు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేవారు. నాకు మాట్లాడటం చేతకాదు. ఒక సాయంత్రం తెలుగు కథల పుస్తకం పట్టుకుని, ఎవరూ ఉండరనుకుని ఆ మెట్ల మీదికి వెళ్లాను. వెళ్లి కూర్చోగానే పక్క నుంచి ఒక గొంతు.

"తెలుగమ్మాయివా?"

తల ఊపాను.

"ఎప్పుడు దిగావు?"

"ఈ మధ్యేనండి."

"హాస్టలు ఇచ్చారా?"

"ఇచ్చారండి."

ఆంటీ అన్న వైపు తిరిగి కళ్లెగరేసింది. "నేను చెప్పలా? ఈ పిల్లే." నా వైపు తిరిగి, "ఏదీ, చేతులు చూపించు" అంది.

ఎందుకో తెలియకపోయినా చాపాను. నావి పొడుగు చేతులు. స్కూల్లో అందరూ వెక్కిరించేవారు. ఆవిడ మాత్రం నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి మురిపెంగా చూసింది. "చూడవయ్యా, ఎంతుందో జాన! బంతి ఎటు పోతుంది?"

అన్న నన్ను కింది నుంచి పై దాకా కొలిచి, సంచిలోంచి ఒక జామకాయ తీసి, చెప్పకుండానే నా మీదికి విసిరాడు. అది నా భుజానికి తగిలి మెట్ల మీద దొర్లింది. పుస్తకం కింద పడింది. నేను జామకాయకి క్షమాపణ చెప్పినంత పని చేశాను.

"గిదేంది ఆంటీ? జామకాయ పట్టలే, బంతేం పడతది?"

"నోర్ముయ్యవయ్యా. నిన్నగాక మొన్న దిగింది. బెదిరింది. పలుకుగా ఉందంతే." ఆంటీ డబ్బా మూత తీసి నాకో లడ్డూ పెట్టింది. "నువ్వు తినమ్మా. రేపు కూడా రా. ఎవరూ నిన్నేమీ అనరు. మూత పెట్టేశాం."

అసలు సంగతి ఏమిటంటే, ఆ వారం విజయనగరం నుంచి ఒక తెలుగు పిల్ల గోలీగా వస్తోందని జట్టులో మాట. నేనే ఆ పిల్లనని వాళ్లు అనుకున్నారు. నాకు అది మెల్లగా అర్థమైంది కానీ చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు కూడా వెళ్లాను. లడ్డూ కోసం కాదు. ఢిల్లీ వచ్చాక నాతో అంత సేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ మర్నాడే కోచ్ మేడమ్ ఒక పొట్టి పిల్లని భుజం పట్టుకుని మైదానం మధ్యకి తీసుకొచ్చింది. నల్లగా, చురుగ్గా, నూనె రాసి బిగించిన రెండు జడలతో. "యే హమారీ నయీ గోలీ హై. పైడితల్లి. విజయనగరమ్ సే."

ఆంటీ ఆ పిల్లని చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నన్ను చూసింది.

"మరి నువ్వెవరివే?"

"ఎమ్మే హిస్టరీ అండి."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలేదండి."

అన్న మెట్ల మీద వెనక్కి పడి నవ్వాడు. ఆంటీ బూటుకాలితో ఆయన్ని ఒక పోటు పొడిచి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఇంతకాలానికి సరైన పిల్ల దొరికింది. పలుకున్నదీ ఇదే, పలుకు లేనిదీ ఇదే!" అంది. ఆ తర్వాత ఆ మెట్ల మీద నాకు శాశ్వతంగా చోటు దొరికింది.

పైడితల్లికి మాత్రం పెళ్లిచూపులు సరిగ్గా జరగలేదు. అన్న ఒక్క చూపు చూసి ఫోను జేబులో పెట్టేశాడు. "గోలీకి ఎత్తు కావాలె ఆంటీ. గీమె ఎగిరినా గోలు పై కర్రను ముట్టదు." రోహ్‌తక్ నుంచి ఇంకో గోలీ కూడా వచ్చింది. మంచి పొడగరి. ఇద్దర్లో ఒకర్నే ఉంచుతానని కోచ్ మేడమ్ చెప్పింది. నెలాఖరున ఇంకో కాలేజీతో ఒక ఆట ఉంది. ఆ రోజు ఇద్దరూ చెరో సగం ఆడాలి. జట్టులో లేనివాళ్లకి స్పోర్ట్స్ హాస్టల్లో గది ఉండదు. గది లేకపోతే పైడితల్లి ఇంటికి పోవలసిందే.

ఆంటీ రవ్వలడ్డూ ఇచ్చి ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "పలుకుగా ఉంది. మూత" అంది. మేమందరం నోళ్లు మూసుకున్నాం.

కానీ రోజురోజుకీ పైడితల్లి ఆట దిగజారిపోయింది. దూరం నుంచి వచ్చే బంతిని బాగానే పట్టేది. ఎత్తుగా గాల్లో వచ్చిందంటే చాలు, గోల్ ముందు గందరగోళం. వెనక కాపలా ఆడే సుమన్ అనే హర్యానా ఝజ్జర్ పిల్లా, పైడితల్లీ ఒకరినొకరు గుద్దుకునేవారు. ఇద్దరి మధ్య నుంచి బంతి వలలోకి పోయేది. సుమన్ లేచి మోచెయ్యి రుద్దుకుంటూ అరిచేది. పైడితల్లి తల దించుకునేది. వారం తిరిగేసరికి ఆ పిల్ల గొంతు మెట్ల దాకా వినబడటం మానేసింది. కోచ్ మేడమ్ గట్టిగా మందలించింది. "గోలీ బోలేగీ నహీ తో కైసే చలేగా?" మాట్లాడని గోలీతో ఎలా నడుస్తుందని.

ఆ మాట నాకు తగిలింది. మాట్లాడనివాళ్ల సంగతి నాకు తెలుసు.

అప్పటికింకా ఎండలు తగ్గలేదు, మెట్ల మీద నీడ ఉండేది కాదు. గోల్ వెనక ఒక వేపచెట్టు ఉండేది. నేను పుస్తకం పట్టుకుని దాని కిందికి మారాను. అక్కడి నుంచి పైడితల్లి వీపు, రెండు జడలు కనిపించేవి. మెట్ల మీద వినబడనివి అక్కడ వినబడేవి. ఒక బంతి ఎత్తుగా వచ్చింది. పైడితల్లి నోట్లోంచి సన్నగా వచ్చింది.

"ఆగే! ఆగే!"

సుమన్ ఒక్క దూకులో ముందుకొచ్చి బంతిని తలతో కొట్టబోయింది. ఇద్దరూ గుద్దుకున్నారు. గోలు.

పుస్తకం మూసేశాను. మెట్ల దాకా పరిగెత్తాను. ఆంటీ చెవిలో చెప్పాను. చెప్పిన దాన్ని ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది.

"ఆగే అంటోందా?"

"అవునాంటీ. ఆగవే అని."

"ఆ హర్యానా పిల్లకి అది..."

"హిందీ ఆగే. ముందుకి రా అని."

ఆంటీ డబ్బా పక్కన పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. అన్నకి అర్థమై ఆయనా పొట్ట పట్టుకున్నాడు. "అబ్బ! గా పిల్ల ఆగమంటాంది, గీ పిల్ల ఉరుకుతాంది!"

ఆంటీ చప్పున నవ్వు ఆపేసింది. "పాపం రా. పద."

ఆవిడ మెట్లు దిగి మైదానంలో అడుగుపెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. పైడితల్లి గోలు కర్రకి ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"ఏంటే, సుమన్‌తో గొడవేంటి?" అంది ఆంటీ.

"నానేటి సేసానండి? ఆగే అంటే ఆవిడ మరీ మీదికి దూకేస్తన్నాది. నానంటే పడదండి ఆవిడికి. నానెల్లిపోతానండి మా ఊరు. ఈ అరుపులు నా వల్ల కాదండి."

ఆంటీ ఆ పిల్ల జడ ఒకటి పట్టుకుని, "ఉండవే, ఎక్కడికెళ్తావు" అని కోచ్ మేడమ్ దగ్గరికి లాక్కుపోయింది. ఆంటీ హిందీ గురించి ఇప్పుడే చెప్పాలి. ఢిల్లీలో చాలా ఏళ్లు ఉన్నా ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

"మేడమ్‌జీ! హమారా బచ్చీ ఆగే బోల్తా. ఆగే మతలబ్ ఆగే నహీ. ఆగే మతలబ్ రుకో." ఆగు అనడానికి ఆవిడకి తెలిసిన మాట రుకో.

కోచ్ మేడమ్ ఓపిగ్గా, "ఆంటీజీ, ఆగే మతలబ్ ఆగే హీ హోతా హై" అంది.

"నహీ నహీ. ఆప్‌కా ఆగే ఆగే. హమారా ఆగే పీఛే."

"పీఛే?" అంది మేడమ్, వెనక్కా అన్నట్టు.

"పీఛే భీ నహీ! ఆగే!"

సుమన్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఈ మాటలు వింటోంది. ఆంటీ విసిగిపోయి నన్ను ముందుకి తోసింది. "నువ్వు చెప్పవే. విన్నది నువ్వు."

అందరూ నా వైపు చూశారు. పక్కన పైడితల్లి నాకన్నా ఎక్కువ బెదిరి జడ కొస కొరుకుతోంది. ఆ పిల్లని చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది.

"మేడమ్, తెలుగు మే ఆగే కా మతలబ్ హై, రుక్ జా."

ఒక్క వాక్యం. సుమన్ మొహం చూసి తీరాలి. ముందు అనుమానం, తర్వాత లెక్క, తర్వాత నోరు పెద్దగా తెరుచుకుంది. "అరే! తో యే రోజ్ ముఝే రోక్ రహీ థీ?" రోజూ నన్ను ఆపుతోందా! వెళ్లి పైడితల్లి వీపు మీద ఒక్క చరుపు చరిచింది. పైడితల్లి ముందుకి తూలింది. అది స్నేహమని ఆ పిల్లకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

అర్థం తెలిసింది కదా, ఇక సరిపోతుందని కోచ్ మేడమ్ అంది. ఆంటీ ఒప్పుకోలేదు. "ఆటలో అర్థాలు ఎవరికి గుర్తుంటాయి? ఆ పిల్లకి చెవిలో పడితే కాలు ముందుకే పోతుంది. మాటే మార్చాలి." హిందీలో వదిలెయ్ అనడానికి ఛోడ్ అని అరవమని మేడమ్ చెప్పింది. పైడితల్లి ప్రయత్నించింది. చెవిటివాళ్లకి కూడా జాలి వేసేలా ఉంది.

ఆంటీ పైడితల్లి గడ్డం పట్టుకుంది. "మీ ఇంట్లో నువ్వు ఏదో లాక్కుంటావు. మీ అమ్మ వదిలెయ్ అనాలి. ఎలా అరుస్తుంది?"

"ఒగ్గీమంటాదండి."

"అరువు."

"ఒగ్గీ" అంది పిల్ల.

"మీ అమ్మ అలాగే అరుస్తుందా?"

పైడితల్లి కళ్లు మూసుకుంది. మెడ నరాలు పొంగాయి. "ఒగ్గీ!" అని ఒక్క కేక వేసింది. వేపచెట్టు మీద పావురాలు లేచిపోయాయి. సుమన్ అప్రయత్నంగా రెండడుగులు వెనక్కి వేసింది.

"అదీ!" అంది ఆంటీ. "ఇది మీ హిందీలోనూ లేదు, మా కోనసీమలోనూ లేదు. ఎవరికీ ఇంకో అర్థం తట్టదు."

ఆ వారమంతా వెనక ఆడే పిల్లలందరూ ఒగ్గీ నేర్చుకున్నారు. మెస్సులో ఆఖరి పరాఠా దగ్గర కూడా ఒగ్గీ అనుకునేవారు.

ఆట రోజు మొదటి సగం రోహ్‌తక్ పిల్ల ఆడింది. బాగా ఆడింది. చెరో గోలు. రెండో సగంలో పైడితల్లి దిగింది. మెట్ల మీద ఆంటీ స్టీలు డబ్బా మూతని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. "ఎవరూ నోరెత్తకండి." అన్న చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆ రోజు ఆయన పందెం రోహ్‌తక్ పిల్ల మీద. ఓడితే అశోకా రోడ్డులో అందరికీ ఆంధ్రా భోజనం. అయినా కుక్కుకున్నాడు.

మొదటి బంతి ఎత్తుగా వచ్చింది. పైడితల్లి నోరు తెరిచింది. మాట రాలేదు. సుమన్ వెనక్కి తిరిగి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. బంతి గోలు కర్రకి తగిలి బయటికి పోయింది. నా పక్కన ఆంటీ మూత మీద వేళ్లు తెల్లబడ్డాయి. కోచ్ మేడమ్ చేతులు కట్టుకుంది.

మళ్లీ మూల నుంచి బంతి లేచింది. ఎండలో తిరుగుతూ, గోల్ ముందున్న గుంపు మీదికి దిగుతోంది. సుమన్ ఎగరబోయింది.

"ఒగ్గీ!"

మైదానం అవతల రోడ్డు మీద ఆటో భయ్యా కూడా తల తిప్పి చూశాడు. సుమన్ కరెంటు కొట్టినట్టు అక్కడికక్కడే కూలబడింది. ఆమె తల మీదుగా పైడితల్లి ఎగిరింది. ఎంత పొట్టి పిల్ల, ఎంత ఎగిరిందో! బంతిని గుండెకి హత్తుకుని కింద పడి, దొర్లి, లేచి కూర్చుంది. తన చేతుల్లో బంతి ఉందని తనకే నమ్మకం లేనట్టు చూసుకుంది.

ఆ తర్వాత ఆట అయ్యేదాకా ఆ పిల్ల నోరు మూయలేదు. ఒగ్గీ తప్ప ఇంకేమీ వినబడలేదు. అవతలి జట్టు వాళ్లు కూడా ఆ కేకకి ఆగిపోవడం మొదలుపెట్టారు. చెరో గోలుతోనే ఆట ముగిసింది.

ఈల వినబడగానే ఆంటీ డబ్బా మూత తీసింది. తీసి పైకెత్తి పళ్లెంలా మోగించింది. "తీశాను! తీశానర్రా! ఉడికింది!" అన్న నోట్లోంచి రుమాలు తీసి అరవడం మొదలుపెట్టాడు. జంతికలు మాకే కాదు, అవతలి కాలేజీ వాళ్లకి కూడా పంచింది.

కోచ్ మేడమ్ ఏ ప్రకటనా చేయలేదు. పైడితల్లి దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పి వెళ్లిపోయింది. పిల్ల పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏటన్నాదండి ఆవిడ? కల్ సుబహ్ ఏటో అన్నాది."

"రేపు పొద్దున్న టైముకి రమ్మంది."

"అంటే ఉంచేసినట్టేనా అండి?"

"ఉంచేసినట్టే."

అందరూ లేచాక నేనూ ఆంటీ మిగిలాం. ఆవిడ వాచీ తిరిగి కట్టుకుంటోంది. ఏ ధైర్యం వచ్చిందో, నేనే అడిగాను. "మరి నా మీద మూత ఎప్పుడు తీస్తారు ఆంటీ?"

ఆవిడ నన్ను చూసింది. వంటింట్లో మెతుకు వేళ్ల మధ్య నొక్కి చూసేటప్పటి చూపు అది.

"నీకింకా పలుకుందే" అంది. "ఉండనీ. కాస్త పలుకుంటేనే మెతుకు మెతుకులా ఉంటుంది. అన్నీ మెత్తబడితే ముద్దే."

ఆ రాత్రి డైరీలో ఆ మాటొక్కటే రాసుకున్నాను.

తర్వాతి ఏడాది భర్త రిటైరయ్యాక వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. వెళ్లేముందు నా ఫోను లాక్కుని తన నంబరు తనే ఎక్కించింది. నేను పండగలకి మెసేజీలు పెట్టేదాన్ని. మాట్లాడింది లేదు. ఫోనులో మాట్లాడటం నాకు ఎదురుగా మాట్లాడటం కన్నా కష్టం.

మొన్న దుప్పటి బాల్కనీలోనే వదిలేసి కిందికి దిగాను. వల పక్కన నిలబడి, ఆట ఆగినప్పుడు ఆ గోలీ పిల్లని అడిగాను. "యే ఒగ్గీ క్యా హై?"

"గోలీ లోగ్ బోల్తే హై, దీదీ." గోలీలు అరిచే మాటట.

"మతలబ్?"

ఆ పిల్ల కాస్త ఆలోచించింది. "మతలబ్ కుఛ్ నహీ. బస్, హట్ జానా హోతా హై." అర్థమేమీ లేదు, తప్పుకోవాలంతే. ఎవరు నేర్పారంటే, స్కూల్లో కోచ్ దీదీ అంది. సుమన్ దీదీ. ఝజ్జర్‌వాలీ.

అక్కడే నిలబడి ఆంటీకి ఫోన్ చేశాను.

"హలో" అంది ఆవిడ. అదే గొంతు.

ఇదంతా ఆవిడకి చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"హలో, ఎవరండీ? పలకరేంటి?"

అవతల కరకరమని ఏదో నములుతున్న చప్పుడు. తర్వాత ఆవిడ పెద్దగా నవ్వింది.

"ఓహో! పలకట్లేదంటే నువ్వేనే!"

నవ్వొచ్చింది. ఫోనుని వల దగ్గరికి చాపి పట్టుకున్నాను. బంతి లేచింది.

"ఒగ్గీ!"

ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఏదో నమలడం ఆగిపోయింది.

"ఎవరే ఆ పిల్ల?" అంది ఆంటీ మెల్లగా.

"తెలియదాంటీ. ఇక్కడి పిల్లే."

"కొత్తదా?"

"కొత్తదానిలాగే ఉంది."

"ఆయ్, తెలుస్తోంది. గొంతులో ఇంకా పలుకుంది." కుర్చీ జరిగిన చప్పుడు. "నువ్వక్కడే ఉండు. ఎవర్నీ అరవనీకు. మూత పెట్టుంచు. బూట్లేసుకుని వస్తున్నా."